కబాలా పాఠానికి వచ్చి జాతకం అడిగినవాళ్ళు

వేలూరులో ఒక కాలేజీ తత్త్వశాస్త్ర విభాగంలో నేను కబాలా అనే యూదుల మర్మవిద్య పాఠం చెప్పాను. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు రెండు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడుగుతారు. వేలూరులో యూదులు ఉన్నారా అన్నది మొదటిది. లేరు. నా పేరుకు ఏ నంబరు వస్తుంది అన్నది రెండోది. సర్వీసు ఉన్నంతకాలం మొదటి ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పాను. రెండోదానికి నాకు ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇలాంటి పాఠం చెప్పబోయే చిన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్న సంగతులు మీకు అక్కర్లేదు, నాకూ గుర్తులేవు. ఆ మర్మగ్రంథాల పేర్లు, ఆ గురువుల పేర్లు కూడా రాయను. పేరు రాస్తే మనవాళ్ళు పేరునే కంఠతా పడతారు, లోపలికి అడుగు పెట్టరు. పుస్తకం పేరు పైన రాసి, కింద ఎర్ర గీత కొట్టి, ఆ తర్వాత పేజీ అంతా ఖాళీగా వదిలేసిన జవాబు పత్రాలు నేను బస్తాలకొద్దీ దిద్దాను. మళ్ళీ ఆ పాపం నా చేత చేయించకండి.

ఎవరూ తీసుకోని పేపరు

మాది వేలూరు దగ్గరి గుడియాత్తం. మా నాయన సున్నం, ఇటుకలు అమ్మేవాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. మా వీధిలో గడగడా తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు. మా నాయన పట్టుబట్టి నేర్పించాడు కాబట్టి నాకు వచ్చింది.

నేను చేరిన ఏడాది ఎం.ఏ.లో కొత్త పేపరు పెట్టారు. ప్రపంచ మతాల్లో మర్మమార్గాలు. సూఫీలను ఒకాయన తీసుకున్నాడు, క్రైస్తవ సాధువులను ఇంకొకాయన తీసుకున్నాడు. యూదుల భాగం బల్లమీద మిగిలింది. నేను అందరికంటే చిన్నవాడిని. హెడ్ నా వైపు చూశాడు. ఎంపిక అంటే అంతే. ఈ రంగంలో ఎవరైనా తన విషయాన్ని తానే ప్రేమించి ఎంచుకున్నానని చెబితే సగమే నమ్మండి.

హీబ్రూ నేర్చుకోకుండా చెప్పడం నాకు నచ్చలేదు. కోట దగ్గర ఒక పాత బంగళాలో సత్యనాదన్ అయ్యగారని రిటైరైన పాస్టరు ఉండేవారు. చిన్నప్పటినుంచి హీబ్రూ చదివిన మనిషి. యూదుల మర్మవిద్య అంటే ఆయనకు పడదు, 'పైత్యం' అనేవారు. అయినా వరండాలో కూర్చోబెట్టి వ్యాకరణం నేర్పారు. "నువ్వు నమ్ముతావా లేదా అని నేను అడగను. తప్పు చదివితే మాత్రం ఊరుకోను" అన్నారు మొదటిరోజే. నాకు దొరికిన గురువుల్లో ఆయనంత చిరాకుపడే మనిషి లేడు, ఆయనంత మంచి గురువూ లేడు.

ఇక విద్యార్థులు. కబాలా అనే మాట బోర్డు మీద రాయగానే ప్రతి ఏడూ ఎవరో ఒకరు, మైలాపూరు కపాలీశ్వరుడికీ దీనికీ ఏం సంబంధం సార్ అని అడిగేవారు. ఏ సంబంధమూ లేదయ్యా, 'పరంపరగా అందుకున్నది' అని దాని అర్థం అంటే, ముఖాలు వాడిపోయేవి. సంబంధం ఉందంటే సంతోషపడేవాళ్ళు.

దానికన్నా పెద్ద తలనొప్పి ఇంకొకటి. అంతం లేనిది అనే దేవుడి భావన గురించి చెబితే, అది మన నిర్గుణ బ్రహ్మమే కదా సార్ అంటారు. ఆ అంతం లేనిదానిలోంచి పది దివ్యగుణాలు వెలువడ్డాయి అంటే, దశావతారాలు కదా సార్ అంటారు. అన్నీ మనవే అయితే ఇక వాళ్ళది చదవడం దేనికి? ఇంటికెళ్ళి పడుకోవచ్చు. చిన్నవాళ్ళకు నా మొదటి సలహా ఇదే. 'అదీ ఇదీ ఒకటే' అనే మాటను క్లాసులో మొదటి నెల నిషేధించండి. తేడాలు తెలిశాక పోలికలు వాటంతటవే కనబడతాయి, అప్పుడు వాటికి విలువ ఉంటుంది.

అసలు సంగతి

ఇంతకీ ఆ విద్య ఏమిటో తెలియకుండా ఈ గోల అర్థం కాదు. క్లుప్తంగా చెబుతాను.

యూదుల మూలగ్రంథం తోరా. మర్మవాదుల దృష్టిలో అది కథలూ ఆజ్ఞలూ ఉన్న పుస్తకం మాత్రమే కాదు, ప్రతి అక్షరం కింద ఇంకో లోకం ఉంది. తొలికాలం వాళ్ళు దేవుడి రథాన్ని, ఏడు మందిరాలను ధ్యానంలో దాటి వెళ్ళినట్టు రాసుకున్నారు. ఆ తర్వాత ఒక చిన్న గ్రంథం వచ్చింది, కొన్ని పేజీలే. దేవుడు పది సంఖ్యలతో, ఇరవైరెండు అక్షరాలతో లోకాన్ని చెక్కాడని అందులో ఉంది. మేస్త్రీ చేతిలో ఇటుకలాగా దేవుడి చేతిలో అక్షరం. నాకు ఆ పుస్తకం మొదటి చూపులోనే నచ్చింది, మా ఇంటి వ్యాపారం వల్ల కావచ్చు.

పదమూడో శతాబ్దంలో స్పెయిన్‌లో మహాగ్రంథం బయటపడింది. తేజస్సు అని దాని పేరుకు అర్థం. వెయ్యేళ్ళకు పైగా వెనకటి ఒక ఋషిలాంటి గురువు చెప్పిందని భక్తులు అంటారు. ఆ కాలంలోనే స్పెయిన్‌లో ఒకాయన కూర్చుని రాశాడని పండితులు అంటారు. ఎవరు రాస్తేనేం, చదవడానికి అద్భుతం. కొందరు స్నేహితులు దారిలో నడుస్తూ తోరాలోని ఒక్కో వాక్యాన్ని విప్పుకుంటూ పోతుంటారు. గాడిదలు తోలేవాడు ఎదురై వాళ్ళకే పాఠం చెబుతాడు.

పదహారో శతాబ్దంలో గలిలయ కొండల్లో ఒక గురువు వచ్చాడు. ఆయన పెద్దగా ఏమీ రాయలేదు, శిష్యులు రాశారు. ఆయన చెప్పిన సృష్టికథ చాలా వింతగా ఉంటుంది. అంతటా తానే ఉన్న దేవుడు, లోకానికి చోటివ్వడం కోసం తనను తాను ముడుచుకున్నాడు. ఆ ఖాళీలోకి తన వెలుగును పాత్రల్లో పంపాడు. పాత్రలు తట్టుకోలేక పగిలాయి. వెలుగు రవ్వలు పెంకులతోపాటు లోకమంతా చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరి చక్కబెట్టడమే మనిషి పని.

ఈ విద్యకు వాళ్ళు పెట్టుకున్న షరతులు కూడా చెప్పాలి. ముందు తోరా, ధర్మశాస్త్రం బాగా రావాలి. సంసారం ఉండాలి. నలభై ఏళ్ళు నిండాలని కూడా చాలామంది అనేవారు. నేనేమో ఇరవైరెండేళ్ళ వాళ్ళకు, మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఫ్యాను తిరగని గదిలో చెప్పాను.

దామోదరం

హీబ్రూలో అంకెలకు వేరే గుర్తులు లేవు, అక్షరాలనే అంకెలుగా వాడేవారు. అందువల్ల ప్రతి మాటకూ ఒక మొత్తం వస్తుంది. ఒకే మొత్తం వచ్చే రెండు మాటలకు లోపల ఏదో బంధం ఉందని మర్మవాదులు ధ్యానించారు. ఇది ఆ విద్యలో చిన్న మూల. నేను దీనికి ఒక్క క్లాసు ఇచ్చేవాడిని. అక్షరాల విలువల పట్టిక ఒకటి సైక్లోస్టైల్ తీసి పంచాను.

ఆ క్లాసులో దామోదరం అనే కుర్రవాడు ఉండేవాడు. గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే కుటుంబం. మనిషి చురుకు, నోరు మంచిది, ఓపిక మాత్రం సున్నా. మొదటి ఏడాది మధ్యలోనే మానేసి వెళ్ళిపోయాడు. నేను మర్చిపోయాను.

అప్పుడే దేశంలో వ్యాపారానికి తలుపులు తెరుచుకున్నాయని పేపర్లన్నీ రాస్తున్నాయి. వీధివీధికీ ఎస్టీడీ బూత్ వచ్చింది, మిద్దెమిద్దెకూ కేబుల్ వైరు వేలాడింది. కొత్తగా షాపు పెట్టిన ప్రతివాడికీ భయం పట్టుకుంది. పక్కవాడు బేరాలన్నీ ఎలా లాగేస్తున్నాడో, తనది ఎందుకు మూతపడుతోందో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాని చోట నంబర్లు వచ్చాయి. బోర్డుల మీద ఇంగ్లీషు స్పెల్లింగులు పొడుగయ్యాయి. ఒక ఆదివారం గుడియాత్తం బస్టాండు దగ్గర దిగి చూస్తే, మేడమీద పెద్ద బోర్డు: యూదుల రహస్య కబాలా సంఖ్యాశాస్త్రం. పేరు పక్కన దామోదరం ఫోటో, చుట్టూ నక్షత్రాలు, కింద వరుసగా హీబ్రూ అక్షరాలు.

మేడెక్కాను. గోడమీద అద్దంలో బిగించి ఉంది, నా సైక్లోస్టైల్ పట్టిక. ఒక్కో హీబ్రూ అక్షరం కింద పెన్నుతో ఇంగ్లీషు అక్షరం రాసి పెట్టాడు. లేచి నా కాళ్ళకు దండం పెట్టి, కస్టమర్లకు నన్ను 'మా గురువుగారు' అని పరిచయం చేశాడు. ఇది తప్పయ్యా, ఇంగ్లీషు అక్షరాలకు ఈ విలువలు లేవు అన్నాను.

"సార్, మీరు థియరీ, నేను ప్రాక్టికల్" అన్నాడు నవ్వుతూ.

మెట్లు దిగుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆ మంట తగ్గకముందే కాలేజీలో ఇంకొకటి మొదలైంది.

ప్రిన్సిపాల్ ఆలోచన

మా ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. లెక్కల ప్రొఫెసరు, మర్యాదస్తుడు. కానీ ఆయన మీద పైనుంచి ఒత్తిడి ఉండేది. చుట్టూ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి, అందరూ కంప్యూటర్ కోర్సులు అడుగుతున్నారు. తత్త్వశాస్త్రంలో చేరేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. ప్రతి సమావేశంలోనూ నా పేపరు గురించి ఆయన అడిగే ప్రశ్న ఒకటే, దీనివల్ల ఏం ఉద్యోగం వస్తుందని.

దామోదరం పేరు ఆయన దాకా వెళ్ళింది. పిలిచి కూర్చోబెట్టి, సెలవుల్లో హీబ్రూ సంఖ్యాశాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు పెడదామన్నారు. అసలు పాఠం నేను చెబితే, ప్రాక్టికల్స్‌కు అతిథిగా దామోదరాన్ని పిలుద్దామన్నారు. దానికి పిల్లలు వస్తారట, వచ్చినవాళ్ళ వల్ల మా విభాగం కూడా బతుకుతుందట.

నిజం చెప్పాలంటే ఆ మాటలో తప్పేమీ కనబడలేదు, అదే ఎక్కువ చిరాకు పుట్టించింది. విభాగం మూతపడితే నాతోపాటు ఇంకో ముగ్గురి బతుకు పోతుంది. ఆలోచించి చెబుతానన్నాను. ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నా అదే ఆలోచన. ఒక్క మూలను పెద్దది చేసి చూపిస్తే మిగతా ఇల్లు నిలబడుతుంది కదా అనిపించేది. మర్నాడు క్లాసుకు వెళ్తే, ఆ మూల కోసమే వచ్చినవాళ్ళకు మిగతా ఇల్లు ఎవరు చూపిస్తారని అనిపించేది.

గోవిందసామి మేస్త్రీ

ఆ ఏడు నా క్లాసులో విశాలాక్షి అనే అమ్మాయి ఉండేది. గుడియాత్తంలో గోవిందసామి మేస్త్రీ కూతురు. గోవిందసామి కరణె, అంటే తాపీ, పట్టుకుని మొదలుపెట్టి, కట్టడాల కాంట్రాక్టులు తీసుకునే దాకా వచ్చిన మనిషి. మా నాయన దగ్గర సున్నం కొన్నవాడే. అమ్మాయి తెలివైనది. మహాగ్రంథంలో గాడిదలు తోలేవాడి కథ చెప్పినరోజు, అతని మాటలు పండితులు ముందే ఎందుకు వినలేదు సార్ అని అడిగింది. అన్నేళ్ళలో నాకు ఎదురైన ఒక మంచి ప్రశ్న అది.

ఒకరోజు స్టాఫ్‌రూముకు వచ్చి, టీసీ కావాలంది. కారణం అడిగితే తలవంచుకుని చెప్పింది. వాళ్ళ నాయన గుడియాత్తంలో ఒక కల్యాణమండపం కడుతున్నాడు. స్లాబు వేసిన కొన్నాళ్ళకు ఒక పక్క కూలిపోయి, మునెప్ప అనే పనివాడి కాలు నుజ్జయింది. నాయన దామోదరం దగ్గరికి వెళ్ళాడు. దామోదరం కుటుంబంలో అందరి పేర్లూ లెక్కేసి, కూతురి పేరు తండ్రి పేరును కొడుతోందని చెప్పాడు. పేరు మార్చాలట, కొత్త పేరు నిలకడయ్యే దాకా అమ్మాయి ఆ ఇంటి నీడలో ఉండకూడదట. అందుకని కావేరిపాక్కంలో మేనత్త ఇంటికి పంపుతున్నారు. చదువు ఆపేశారు.

"ఆ లెక్క మీ నోట్సులోదే అని చెప్పినాడంట సార్" అంది.

ఆ ఆదివారమే బస్సెక్కాను. దారిపొడవునా ఏమేం అనాలో కూర్చుకున్నాను. గోవిందసామి నన్ను చూసి వీధిలోకి వచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. కాఫీ ఇప్పించాడు. అంత మర్యాద చేశాక కోపంగా మొదలుపెట్టడం కష్టం.

ఏ అక్షరాలను లెక్కేశారని అడిగాను. ఇంట్లో ఆ పిల్ల విశాలాక్షి. తమిళ స్కూల్లో విశాలాట్చి. స్కూల్లో చేర్చుకున్నరోజు గుమాస్తా ఇంగ్లీషులో రాసేటప్పుడు టీ సీ హెచ్ అని మూడు అక్షరాలు దూర్చాడు. దామోదరం లెక్కేసింది ఆ ఇంగ్లీషు స్పెల్లింగు. మీరు తెలుగులో పెట్టుకున్న పేరు, తమిళంలో పలికి, ఇంగ్లీషులో రాసి, హీబ్రూలో కూడితే దోషం వచ్చింది, ఆ దోషం అమ్మాయిది ఎలా అవుతుందని అడిగాను. గట్టిగానే అడిగాను.

గోవిందసామి నవ్వలేదు, వాదించలేదు. కాసేపు చేతులు చూసుకున్నాడు.

"అయ్యోరా, అదంతా నాకు తెలీదు. అక్షరానికి శక్తి ఉండాదని మీ పుస్తకాల్లో ఉండాదా, లేదా? అది ఒక్కటి చెప్పండి."

చదువుకున్న వాళ్ళెవరూ నన్ను అంత సూటిగా అడగలేదు. లేదు అంటే ఆ ఇంట్లో ఆ క్షణంలో పని అయిపోయేది. కానీ నేను నేర్చుకున్నదంతా అబద్ధమయ్యేది. సత్యనాదన్ అయ్యగారు గుర్తొచ్చారు.

"ఉండాది" అన్నాను.

లోపలి గదిలో ఆయన భార్య కదిలిన చప్పుడయింది. నేను ఆపకుండా చెప్పాను. హీబ్రూలో 'ఒకటి' అనే మాటకు మొత్తం పదమూడు. 'ప్రేమ' అనే మాటకూ పదమూడే. రెండూ కలిస్తే ఇరవైయారు, అది దేవుడి నామానికి వచ్చే మొత్తం. జీవితమంతా చదివిన ముసలివాళ్ళు ఇది చూసి తల వంచి ప్రార్థన చేశారు.

"వాళ్ళు ఆ లెక్కతో మాటకూ మాటకూ చుట్టరికం కలిపినారప్పా. మనిషిని ఇంట్లోంచి ఎల్లగొట్టలేదు" అన్నాను.

"అట్లయితే మిద్దె ఎందుకు కూలింది?" అన్నాడు గోవిందసామి. నన్ను అడిగినట్టు లేదు, గోడను అడిగినట్టుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ విశాలాక్షి మాట్లాడింది. 

"కాంక్రీటు పచ్చిగా ఉండంగానే సెంట్రింగ్ పీకించినావు నాయనా. సైట్లో అందరికీ తెలుసు. నా పేరులో యాడా లేదు అది."

చెయ్యి చేసుకుంటాడేమో అని నేను సగం లేచాను. అతను కదల్లేదు. తనే చెప్పాడు. మండపం యజమాని ముహూర్తం పెట్టుకున్నాడు. పచ్చి స్లాబుకు ఆసరాగా కట్టిన ఆ కర్రలు, పలకలు విప్పి అవతలి పక్కకు వేయకపోతే పని అందదు. ఇంకా కొన్నాళ్ళు ఆగాలని తెలుసు. అయినా పీకమన్నాడు. మునెప్ప పడ్డప్పటినుంచి అన్నం సయించడం లేదు. దామోదరం పేరు దోషం అని చెప్పినరోజు మాత్రం ఆకలి వేసిందట.

ఆ చివరి మాట నాకు చాలా నేర్పింది. నేను అంతవరకూ జనం తెలివితక్కువతనంతో నంబర్ల వెంట పడుతున్నారనుకుని విసుక్కునేవాడిని. ఈయనకు తెలివి తక్కువా? ఒక్క చూపులో గోడ వంకర చెప్పగలిగిన మనిషి. నంబరు ఆయన భుజం మీది బరువును తీసి పిల్ల నెత్తిన పెట్టింది, అంతే.

నాకు తెలిసింది చెప్పాను. దేవుడి వెలుగు పాత్రల కథ. క్లాసులో పాతికసార్లు చెప్పిన కథ. పాత్రలు పగిలాయి అనేసరికి గోవిందసామి తలెత్తాడు.

"ఎందుకు పగిలినాయి?"

"బరువు ఆన్లేదు. వెలుగు ఎక్కువైపోయింది."

"చేసినోడు దేవుడే గదా. తప్పు ఎవురి మీద ఏసినాడు?"

"ఎవురి మీదా ఏసినట్టు లేదప్పా. ఏరి బాగు చేసే పని మిగిలిందని ఉండాది, అంతే."

అతను లేచి పైపంచ భుజాన వేసుకున్నాడు. తర్వాత, మునెప్ప ఇల్లు కే.వి.కుప్పంలో ఉండాది, ఇప్పుడే పోతాను, మీరు కూడా రండి అన్నాడు. ఒక్కడే వెళ్ళడానికి భయమని అనలేదు. అర్థమయింది.

కే.వి.కుప్పంలో

మునెప్ప ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు, కాలంతా పిండికట్టు. మమ్మల్ని చూసి లేవబోయాడు. గోవిందసామి వద్దని చేత్తో చూపి, మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. మేస్త్రీ నేలమీద కూర్చోవడం చూసి మునెప్ప భార్య చాప తెచ్చింది. ఆయన దానిమీదికి జరగలేదు.

ఆసుపత్రిలో ఏమన్నారు, నొప్పి ఎలా ఉంది, ఇవన్నీ అయ్యాయి. అప్పుడు గోవిందసామి, తప్పు నాదిరా మునెప్పా, తొందరపడి పీకమన్నాను అన్నాడు.

మునెప్ప ఆయన ముఖం చూడకుండా, కాలు వైపు చూస్తూ చెప్పాడు.

"తెలుసు మేస్త్రీ. మీరు పీకమంటే పీకింది నేనే గదా. మీ నోటితో ఎప్పుడంటారా అని చూస్తా ఉండాను. కాలు ఇరిగినందుకు నాకు కోపం రాలేదు. పాప పేరు మీద ఏసినారని చెప్తే వచ్చింది."

గోవిందసామి పైపంచతో ముఖం తుడుచుకున్నాడు. మునెప్ప భార్య లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. 

తిరుగు బస్సులో ఉన్నట్టుండి గోవిందసామి నన్ను అడిగాడు, ఆ వెలుగు రవ్వలు ఏరే పని ఎప్పటికి అయిపోతుందని. అయిపోయే పని కాదు, ప్రతి మనిషీ తనకు దొరికినంత ఏరి పోవాల్సిందే అన్నాను.

"అట్లయితే కాంట్రాక్టు కాదు, దినకూలి" అన్నాడు.

నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంత పొట్టిగా ఎవరూ రాయలేదు.

గోవిందసామి ఆ స్లాబు కొట్టేసి మళ్ళీ వేశాడు. ముహూర్తం దాటిపోయింది, మండపం యజమాని ఊరంతా వినేలా తిట్టాడు. మునెప్ప కుంటుతూనే లేచి నిలబడ్డాడు. గోవిందసామి అతన్ని పైపని నుంచి తప్పించి, పని చూసే మనిషిగా పెట్టుకున్నాడు. విశాలాక్షి మరుసటి వారం క్లాసుకు వచ్చింది, అదే పేరుతో. అంతా చక్కబడిందని సంతోషిస్తూ కొన్నాళ్ళకు గుడియాత్తం వెళితే, గోవిందసామి ఆఫీసు బోర్డులో ఇంగ్లీషు స్పెల్లింగుకు ఒక 'ఏ' అదనంగా చేరి ఉంది. ఇదేందప్పా అంటే, అది వేరే అయ్యోరా, వ్యాపారానికి అన్నాడు. ఈ వృత్తిలో పూర్తి విజయం అనేది లేదు. ఎవరైనా ఉందంటే వాళ్ళు కూడా బోర్డు పెట్టుకున్నవాళ్ళే.

ఆ తర్వాత

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి సర్టిఫికెట్ కోర్సు నా వల్ల కాదని చెప్పాను. కారణంగా గోవిందసామి ఇంటి సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, మీరు చెప్పింది నిజమే, కానీ నిజం వల్ల అడ్మిషన్లు రావు అన్నారు. ఇద్దరికీ కోపం లేదు. విశాలాక్షి బ్యాచ్ అయిపోగానే నా పేపరు ఎత్తేశారు. దాని చోట వ్యక్తిత్వ వికాసం అని ఒకటి పెట్టి, అది కూడా నా చేతే చెప్పించారు. చివరికి విభాగమే మూసి, మిగతా ముగ్గురినీ వేరే విభాగాల్లో సర్దారు. రిటైరయ్యే దాకా కామర్స్ పిల్లలకు ఎలా నవ్వాలో, ఎలా కరచాలనం చేయాలో చెప్పాను. నాకు ఆ రెండూ సరిగ్గా రావు.

విశాలాక్షి ఇప్పుడు వేరే ఊళ్ళో మతాల చరిత్ర చెబుతోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి విద్యార్థుల మీద ఫిర్యాదులు చెబుతుంది. వింటుంటే హాయిగా ఉంటుంది.

ఇక దామోదరం. అతను బాగా పైకి వచ్చాడు. వేలూరులో ఏసీ ఆఫీసు పెట్టాడు. ఆ రోజుల్లో తోళ్ళ వ్యాపారం కోసం మా వైపు విదేశీయులు బాగా వచ్చేవారు. అలా వచ్చిన ఒక యూదు పెద్దమనిషి వీధిలో పోతూ బోర్డు మీద హీబ్రూ అక్షరాలు చూసి ఆశ్చర్యపోయి మేడెక్కాడట. దామోదరం ఎదురెళ్ళి కూర్చోబెట్టాడు. ఆ వచ్చినాయన చాలాసేపు బోర్డు వైపు చూసి, ఈ అక్షరాలు తలకిందులుగా ఉన్నాయని మెల్లగా చెప్పాడట. వేలూరులో పెట్టిన ఈ కొత్త బోర్డును పెయింటరు కాగితం తిప్పి పట్టుకుని రాశాడు, నేనేమో ఆ వీధి వైపే పోలేదు. అన్నేళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు, పట్టుకోవాల్సిన దామోదరంతో సహా. ఆ పెద్దమనిషి వెక్కిరించలేదట. మా తాత ఈ అక్షరాలు నేర్పేటప్పుడు పుస్తకం కింద పడితే ముద్దుపెట్టుకుని తీయమనేవాడని చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడట.

ఈ సంగతి దామోదరమే నాకు చెప్పాడు. నేను రిటైరైన కొత్తలో ఒక పొద్దున మా ఇంటికి వచ్చాడు. ఈసారి కాళ్ళకు దండం పెట్టలేదు. కుర్చీ అంచున కూర్చుని, సార్, మొదటినుంచి నేర్పండి అన్నాడు. బయటికి పొమ్మందామనే నోరు తెరిచాను. కానీ అతని ముఖంలో ఆ పాత నవ్వు లేదు. పలక లాంటి అట్టముక్క తెచ్చి, మొదటి అక్షరం రాసి ముందు పెట్టాను. దాన్ని ఎలా పలకాలని అడిగాడు. దానికి సొంత శబ్దం లేదు, నోరు తెరవబోయే ముందు గొంతులో ఉండే నిశ్శబ్దం అది, అన్నాను.

"దాని విలువ ఒకటి, అది తెలుసు సార్" అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది. "దాంతో ఏం చేయొచ్చు?"

"నోరు మూసుకుని కూర్చోవచ్చు" అన్నాను.

కూర్చున్నాడు.